బస్తర్ నుంచి జాంబూరీకి ఎంత దూరం?

ప్రపంచ స్కౌట్ జాంబూరీ నాలుగేళ్లకోసారి జరుగుతుంది. 26వ జాంబూరీ 2027 జూలై 30 నుంచి ఆగస్టు 8 వరకు పోలండ్‌లోని గ్దాన్స్క్ నగరం దగ్గర, సోబియెషెవో దీవిలో. ఇందులో పాల్గొనే పిల్లలకు 14 నుంచి 17 ఏళ్ల మధ్య వయసుండాలి. 9 మంది పిల్లలు, ఒక పెద్ద కలిస్తే ఒక పెట్రోల్. నాలుగు పెట్రోళ్లు కలిస్తే 40 మంది యూనిట్. పది రోజులు గుడారాల్లో ఉండి, సొంతంగా వండుకుని, పక్క గుడారంలోని పరాయి దేశపు పిల్లలతో కలిసి గడపాలి. 18 దాటినవాళ్లు వెళ్లాలనుకుంటే సేవా బృందంలో చేరి వంటశాలలోనో, వైద్య శిబిరంలోనో పని చేయవచ్చు.

యూరప్‌వాళ్లకు అది వేసవి సెలవుల కాలం. మనకు కాదు. జూలై చివరికి బస్తర్‌లో వరి పనులు ముమ్మరంగా ఉంటాయి, బళ్లు తెరిచి నెల దాటుతుంది. 2027లో హరేలీ అమావాస్య ఆగస్టు 2న వస్తుంది. 75 రోజుల బస్తర్ దసరాకు పాట్ జాత్రాతో తొలి కట్టె పూజ జరిగేది ఆ రోజే. ‘సమ్మర్ క్యాంప్’ అనే మాట ఎవరి వేసవిని బట్టి పుట్టిందో తెలియడానికి ఈ ఒక్క తేదీ చాలు. అయితే జగదల్‌పూర్, దంతెవాడ, సుక్మా బడుల పిల్లలకు అడ్డొచ్చేది పండగ కాదు, కాగితాలూ డబ్బూ.

అడవి విద్య ఎవరిది?

స్కౌటింగ్‌ను మొదలుపెట్టిన రాబర్ట్ బేడెన్ పావెల్ బ్రిటిష్ సైనికాధికారి. 1876లో 13వ హుస్సార్స్ దళంలో చేరి లక్నోకు వచ్చాడు. ఆ తరువాత అతని అనుభవంలో ఎక్కువ భాగం ఆఫ్రికాది. 1896లో మటబెలె తిరుగుబాటును అణచడానికి నేటి జింబాబ్వేలోని కొండల్లో తిరిగాడు. అడుగుజాడలు చదవడం, రాత్రిపూట చప్పుడు కాకుండా నడవడం, విరిగిన కొమ్మను బట్టి ఎవరు ఎటు వెళ్లారో చెప్పడం వంటి విద్యల్లో అక్కడే రాటుదేలాడు. 1907 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో ఇరవై మంది పిల్లలతో తొలి ప్రయోగ శిబిరం పెట్టినప్పుడు, పొద్దున్నే వాళ్లను లేపడానికి ఊదింది మటబెలె యుద్ధంలో చేజిక్కిన కుడూ జింక కొమ్ము. మరుసటి ఏడు ‘స్కౌటింగ్ ఫర్ బాయ్స్’ వెలువడింది.

స్కౌట్ నాయకుల ఉన్నత శిక్షణకు గుర్తుగా ఇచ్చే వుడ్ బ్యాడ్జ్ చెక్కపూసలకు మూలం జులూ నాయకుడు దినుజులు కంఠహారం. అది బహుమతిగా వచ్చిందా, ఖాళీ గుడిసెలోంచి ఎత్తుకొచ్చిందా అన్న దాని మీద రెండు కథనాలున్నాయి. ఎడమచేతి కరచాలనాన్ని ఘనాలోని అశాంతి యోధుల నుంచి నేర్చుకున్నారంటారు. భారతదేశంలో ఇదే శిక్షణను హిమాలయ వుడ్ బ్యాడ్జ్ అంటారు. బస్తర్ బడిలో అది పూర్తి చేసిన మాస్టారు ఉంటే, ఆయన మెడలో వేలాడేది ఒక ఆఫ్రికా తెగ పూసల నకలే. జ్ఞాపకశక్తి కోసం ఆడించే ‘కిమ్స్ గేమ్’ కూడా లాహోర్, సిమ్లా నేపథ్యంగా కిప్లింగ్ 1901లో రాసిన నవల నుంచి వచ్చింది.

అంటే ఈ ఉద్యమం పునాదిలో ఉన్నవి వలసపాలన ఎవరిని అణచివేసిందో వాళ్ల విద్యలు. వాటిని పట్నం పిల్లల కోసం పాఠాలుగా కట్టారు. ఇది తప్పు అనడం తేలిక. కానీ లోకమంతా పిల్లలు సంతోషంగా నేర్చుకుంటున్న మంచి విద్య కూడా అదే. ఇబ్బంది ఎక్కడంటే, ఆ విద్య ఇంకా మిగిలివున్న చోటి పిల్లలు శిబిరం గేటు దగ్గరికి చేరడానికి దాన్ని ‘అర్హత’గా ఎవరూ లెక్కించరు.

బస్తర్‌లో ఆ విద్యకు ఒక బడి కూడా ఉండేది. నారాయణపూర్, కొండగావ్ వైపు మురియా గోండుల ఘోటుల్ గురించి వెరియర్ ఎల్విన్ 1947లో పెద్ద పుస్తకం అచ్చువేశాడు. అబ్బాయిలు చెలిక్‌లు, అమ్మాయిలు మోతియారీలు. వాళ్లలోంచే నాయకులు, హోదాలు, కొత్త పేర్లు, పంచుకున్న పనులు, తప్పుకు జరిమానాలు. ఊళ్లో పెళ్లికైనా చావుకైనా ముందు కదిలేది వాళ్లే. పిల్లల చిన్న గుంపు తన నాయకుడిని తానే ఎంచుకుని పని పంచుకోవడాన్ని స్కౌట్ పుస్తకాలు పెట్రోల్ పద్ధతి అని వివరిస్తాయి. బయటివాళ్లకు ఘోటుల్‌లో లైంగిక స్వేచ్ఛ ఒక్కటే కనిపించింది, దాని గురించే రాశారు. క్రమశిక్షణ, సేవ అనే భాగం ఎవరికీ వార్త కాలేదు. సంకేతాల సంగతీ అంతే. 1910లో గుండాధుర్ పేరుతో సాగిన భూమ్కాల్ తిరుగుబాటుకు పిలుపు మామిడి కొమ్మ, ఎర్ర మిరపకాయలు, మట్టిగడ్డ, బాణం రూపంలో ఊరి నుంచి ఊరికి చేరింది. ఇంగ్లండులో పిల్లలు జెండాలతో సెమాఫోర్ నేర్చుకుంటున్న కాలమది.

మనల్ని చేర్చుకోని రోజులు

స్కౌటింగ్ 1909లో బెంగళూరుకు వచ్చింది, కానీ యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ పిల్లల కోసం. దానికి జవాబుగా 1916లో అనీ బెసెంట్ మద్రాసులో ఇండియన్ బాయ్ స్కౌట్స్ అసోసియేషన్ పెట్టారు. ఆ పిల్లలు తలపాగాలు చుట్టుకుని కవాతు చేశారు. 1918లో మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పేయి సేవా సమితి స్కౌట్లను నిలబెట్టారు. 1921లో బేడెన్ పావెల్ భారత పర్యటన తరువాత బెసెంట్ సంస్థ మాతృసంస్థలో కలిసింది. భారతీయుల శీలం మీద ఆయన చేసిన వ్యాఖ్యలు 1937లో దుమారం రేపాయి. దాంతో 1938లో మళ్లీ చీలిక వచ్చి హిందుస్థాన్ స్కౌట్స్ ఏర్పడింది. స్వాతంత్ర్యం వచ్చాక, 1950 నవంబరు 7న విడి సంస్థలు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయింది. 1951లో గైడ్స్ కూడా అందులో చేరారు.

ఈ చరిత్రకు ఇప్పటికీ ఒక ఆచరణాత్మక ఫలితముంది. ప్రపంచ స్కౌట్ సంస్థ దేశానికి ఒక్క జాతీయ సంస్థనే గుర్తిస్తుంది. మన దేశంలో అది భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్. బాలికల ప్రపంచ సంస్థలోనూ దానికే సభ్యత్వం. స్కౌట్ పేరు పెట్టుకున్న సంస్థలు వేరేవి ఉన్నాయి, వాటిలో చేరడం తప్పేమీ కాదు. జాంబూరీకి మాత్రం దారి ఇదొక్కటే. డబ్బు కట్టేముందు తల్లిదండ్రులు అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా ఇదే.

దారిలో మెట్లు

పదేళ్ల నుంచి స్కౌట్, గైడ్ దశ. ప్రవేశ్‌తో మొదలై ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్, ఆపై రాజ్య పురస్కార్, చివర రాష్ట్రపతి పురస్కారం. ప్రతి మెట్టుకూ పరీక్ష, శిబిరం, సంతకాలు ఉంటాయి. విదేశీ బృందంలో చేరాలంటే బడి నుంచి జిల్లా సంఘానికి, అక్కడి నుంచి రాష్ట్ర సంఘానికి, చివరికి ఢిల్లీకి కాగితం నడవాలి. ఈ గొలుసులో అన్నిటికన్నా బలహీనమైన లింకు బడిలోని స్కౌట్ మాస్టారే. ఆయన బదిలీ అయితే దళం ఆగిపోతుంది. ఒకే టీచరుతో నడిచే బడుల్లో దళం మొదలే కాదు.

సుక్మా, బీజాపూర్, దంతెవాడ జిల్లాల్లో పోర్టా కేబిన్లు అనే వెదురు గోడల వసతి బడులు ఎందుకొచ్చాయో గుర్తు చేసుకోవాలి. సల్వా జుడుం 2005లో మొదలయ్యాక ఊళ్లు ఖాళీ అయ్యాయి. భద్రతా బలగాలు మకాం వేసిన బడి భవనాలను మావోయిస్టులు పేల్చేశారు. రెండు పక్షాలూ పిల్లలను వాడుకున్నాయని హ్యూమన్ రైట్స్ వాచ్ 2008 నివేదిక రాసింది. ప్రత్యేక పోలీసు అధికారులుగా కొందరు, బాల సంఘాల్లో కొందరు. 2011 జూలై 5న నందినీ సుందర్ కేసులో సుప్రీంకోర్టు ఆ ప్రత్యేక పోలీసుల వ్యవస్థను చట్టవిరుద్ధమని తేల్చింది.

అలాంటి చోట యూనిఫాం, కవాతు, జెండా వందనం, ‘సిద్ధంగా ఉండు’ అనే నినాదం హైదరాబాద్ బడిలో వినిపించినంత అమాయకంగా వినిపించవు. స్కౌట్ అనే మాటకే వేగు అనే అర్థం ఉంది. ఊరివాళ్లకు యూనిఫాం అంటే ఏదో ఒక పక్షం. కాబట్టి ఇక్కడ దళం నడిపే మాస్టారు దాన్ని పోలీసు కార్యక్రమాలకు వీలైనంత దూరంగా ఉంచడం సిద్ధాంతం కోసం కాదు, పిల్లల క్షేమం కోసం. అదే సమయంలో తుపాకీతో సంబంధం లేని ఒక గుంపు, మెడకు స్కార్ఫ్ కట్టుకుని ముడులు నేర్చుకునే గుంపు, ఆ పిల్లలకు దొరకడం చిన్న విషయం కాదు.

కాగితాలు, డబ్బు

మైనర్ల పాస్‌పోర్టుకు తల్లిదండ్రుల సమ్మతి పత్రం కావాలి. సాధారణంగా దాని గడువు ఐదేళ్లు, లేదా 18 ఏళ్లు నిండేవరకు, ఏది ముందైతే అది. జనన ధ్రువపత్రం మాత్రమే చెల్లుతుందన్న 2025 నిబంధన 2023 అక్టోబరు 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారికే వర్తిస్తుంది. కనుక జాంబూరీ వయసు పిల్లలకు బడి ధ్రువపత్రంతోనూ పని జరుగుతుంది. చిక్కు పేర్ల దగ్గర వస్తుంది. ఆధార్‌లో ఒక పేరు, బడిలో మరో పేరు, తండ్రి పేరు హిందీలో ఒకలా ఇంగ్లీషులో ఇంకోలా. గోండీ పేరును హిందీ మాస్టారు తన చెవికి తోచినట్టు రాసుకుంటే, పదేళ్ల తరువాత అది పాస్‌పోర్టు కౌంటర్ దగ్గర తేలుతుంది. ఎనిమిదో తరగతిలోనే వీటిని సరిచేయించుకోవడం మేలు. తల్లిదండ్రులకు పాస్‌పోర్టు లేని ఇంట్లో సాధారణంగా పోలీసు విచారణ కూడా ఉంటుంది. ఠాణా అంటే ఇప్పటికీ జంకే ఊళ్లకు ఇది ఉత్త లాంఛనం కాదు.

శబరి నది దాటి తెలుగు నేల మీదికి వచ్చిన కుటుంబాల పరిస్థితి ఇంకా చిక్కు. సల్వా జుడుం కాలంలో భద్రాచలం, ఖమ్మం వైపు అడవుల్లోకి తరలివచ్చి, గుత్తికోయలుగా పిలిపించుకుంటున్న వాళ్ల పిల్లలకు ఇక్కడ ఎస్టీ ధ్రువపత్రమే పెద్ద పోరాటం. వాళ్లకు పాస్‌పోర్టు ఆలోచన తరువాతి మాట.

పోలండ్‌కు షెంజెన్ వీసా కావాలి. 2024 జూన్ నుంచి పెద్దలకూ 12 దాటిన పిల్లలకూ సాధారణ రుసుము 90 యూరోలు. వేలిముద్రలు ఇవ్వాలంటే స్వయంగా వెళ్లాలి. జాంబూరీ రుసుమును ప్రపంచ సంస్థ దేశాల తలసరి ఆదాయాన్ని బట్టి తరగతులుగా నిర్ణయిస్తుంది, పేద దేశాలకు తక్కువ. ఇది న్యాయమైన ఏర్పాటే. కానీ విమాన టికెట్టుకు ఆ తరగతులు లేవు. బ్రిటన్‌లో 2023 జాంబూరీకి ఒక్కో స్కౌట్ సుమారు 3,500 పౌండ్లు పోగుచేసుకున్నాడు, కేకులు అమ్మి, కార్లు కడిగి. అది వాళ్ల సంప్రదాయం. తునికాకు కోసి, ఇప్పపూలు ఏరి బతికే ఇంటి పిల్లవాడు అమ్మే కేకును ఎవరు కొంటారు?

దంతెవాడలో డబ్బు లేక కాదు. బైలాడిల్లా ఇనుప ఖనిజం 1960ల చివరి నుంచి కిరండూల్ లైను మీదుగా విశాఖ చేరి, అక్కడి నుంచి జపాన్ వెళ్లింది. జపాన్‌లోని యమగుచిలో 2015 జాంబూరీ జరిగింది. గని ప్రాంతాల కోసం 2015లో ఏర్పడిన జిల్లా ఖనిజ నిధి ప్రాధాన్యాల్లో విద్య కూడా ఉంది. మంచినీరు, ఆసుపత్రి తరువాతే విదేశీ శిబిరం అనే వాదన సబబే. అయినా జిల్లా నుంచి నలుగురైదుగురిని పంపడం ఆ నిధి ముందు పెద్ద మొత్తమేమీ కాదు.

పంపేవాళ్లు అడగాల్సినవి

గొప్ప పేరున్న శిబిరం గనుక అంతా సవ్యంగా ఉంటుందనుకోకూడదు. 2023 ఆగస్టులో దక్షిణ కొరియాలోని సెమాంగంలో సుమారు 43,000 మంది చేరారు. సముద్రాన్ని పూడ్చి తీసిన నేల, నీడలేదు, నీరు ఇంకదు. ఎండ 35 డిగ్రీలు దాటింది, వందల మంది వడదెబ్బ పాలయ్యారు, మరుగుదొడ్ల మీద ఫిర్యాదులొచ్చాయి. నాలుగైదు రోజులకే బ్రిటన్ తన 4,500 మందిని సియోల్ హోటళ్లకు తరలించింది. అమెరికా తన సైనిక స్థావరానికి, సింగపూర్ మరో చోటికి తీసుకెళ్లాయి. 8వ తేదీన ఖానూన్ తుపాను ముప్పుతో మిగిలినవాళ్లను వెయ్యికి పైగా బస్సుల్లో ఖాళీ చేయించారు. శిబిరం 11న సియోల్ స్టేడియంలో పాటకచేరీతో ముగిసింది. హోటళ్లకు బ్రిటన్ సంఘం పది లక్షల పౌండ్లకు పైగా ఖర్చు చేయాల్సొచ్చింది. అలాంటి నిల్వ నిధి లేని దేశాల పిల్లలు గుడారాల్లోనే ఉండిపోయారు.

కాబట్టి బీమా ఎంత, అత్యవసరమైతే వెనక్కి తెచ్చే ఖర్చు ఎవరిది, బృందంలో మహిళా నాయకులు ఎందరు, గోండీ లేదా హల్బీ తెలిసిన పెద్ద ఒకరైనా ఉంటారా అన్నవి ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి. చివరి ప్రశ్న వింతగా అనిపించవచ్చు. జ్వరం వచ్చిన పిల్ల ఎక్కడ నొప్పో చెప్పేది తన భాషలోనే.

పాస్‌పోర్టు లేకుండానే అంతర్జాతీయ శిబిరం రుచి చూసే చోటు ఒకటి మన దేశంలోనే ఉంది. పుణెలోని ‘సంగం’, బాలికల ప్రపంచ సంస్థకు ఉన్న కేంద్రాల్లో ఒకటి, 1966 అక్టోబరులో తెరిచారు. జగదల్‌పూర్ గైడ్స్‌కు అక్కడికి వెళ్లాలంటే రైలు టికెట్టు చాలు, వీసా అక్కర్లేదు. పోలండ్‌కు పేరివ్వాలనుకునే అమ్మాయికి ముందు అక్కడ కొన్ని రోజులు గడిపితే, పరాయి భాషల మధ్య ఉండగలదో లేదో తనకే తెలుస్తుంది. 2027 జూలై నాటికి 14 నిండేవాళ్లు 2013లో, అంతకు ముందు పుట్టినవాళ్లు. 17 దాటిపోతే అది ఇక వాళ్ల శిబిరం కాదు, సేవా బృందంలో చేరడమే మార్గం.