వెండి బండికి సొట్ట పడితే

అమెరికా హైవేల మీద పికప్ ట్రక్కు వెనకాల తళతళా మెరుస్తూ పోయే గుండ్రటి ట్రైలర్‌ని ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. రెక్కలూ తోకా ఊడిపోయిన విమానంలా ఉంటుంది. దాని పేరు ఎయిర్‌స్ట్రీమ్. విమానంలా అని ఊరికే అనలేదు. దానికి సొట్ట పడితే బాగుచేయాల్సింది కూడా విమానాల పద్ధతిలోనే. మా స్నేహితుడొకడు 1960ల నాటి బండి కొన్నాడు. చెట్టుకొమ్మ విరిగిపడి దాని పక్క రేకు చిరిగింది. అక్కడక్కడా పాత సొట్టలు ఎలాగూ ఉన్నాయి. వాడితోపాటు నేనూ ఈ రేకు సంగతేమిటా అని చదవడం మొదలుపెట్టాను.

ముందు మన వంటింట్లోంచి వద్దాం. మనం సిల్వరు గిన్నె అనో సత్తు గిన్నె అనో పిలిచేది అల్యూమినియమే. కిందపడితే సొట్ట పడుతుంది. లోపల్నించి చెక్క సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే మళ్ళీ ఉజ్జాయింపుగా గిన్నె అవుతుంది. అది మెత్తటి లోహం కాబట్టి చెప్పినట్టు వింటుంది. అంత మెత్తటిదానితో విమానం కట్టలేరు కదా!

గట్టి అల్యూమినియం దొరకడం ఓ తమాషా కథ. 1906లో జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ అనే ఆయన అల్యూమినియంలో కాస్త రాగి, మెగ్నీషియం కలిపి, వేడి చేసి, చటుక్కున చల్లార్చి, కొలతలు సగంలో ఆపి వారాంతానికి ఇంటికెళ్ళిపోయాడు. సోమవారం వచ్చి చూస్తే ఆ ముక్క దానంతటదే గట్టిపడి ఉంది. (శుక్రవారం వదిలేసిన ప్రోగ్రాం సోమవారానికి దానంతటదే బాగుపడటం నేనైతే ఇంతవరకూ చూడలేదు.) అదే డ్యూరాలుమిన్. జెప్పెలిన్ల అస్థిపంజరాలు దానితోనే కట్టారు.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. బలాన్నిచ్చే ఆ రాగే లోహం తినేసుకుపోవడానికీ దారి తీస్తుంది. 1920ల చివర్లో అమెరికాలో దీనికో ఉపాయం కనిపెట్టారు. గట్టి మిశ్రమం రేకుకి రెండువైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పొరలు పెట్టి, కలిపి రోలర్ల కింద నొక్కేయడం. పూతరేకులకి తిరగేసిన లెక్క అనుకోండి, లోపల గట్టిది, పైన మెత్తటిది. దీనికి ఆల్‌క్లాడ్ అని పేరు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికన్ విమానాల ఒంటిమీద ఉన్నది ఎక్కువగా ఈ రేకే.

మరి ఇది ట్రైలర్ల మీదికి ఎలా వచ్చింది? లిండ్‌బర్గ్ 1927లో అట్లాంటిక్ దాటిన విమానం తయారీని శాన్ డియెగోలో దగ్గరుండి చూసుకున్నవాళ్ళలో హాలీ బౌలస్ ఒకడు. గ్లైడర్ల పిచ్చోడు. 1934లో ఆయన విమానంలాగే రేకులూ రివెట్లతో రోడ్ చీఫ్ అనే ట్రైలర్ చేశాడు. దాని తలుపు ముందువైపు, ట్రక్కుకి తగిలించే కొక్కెం పైన ఉండేది. దూకి ఎక్కాలేమో మరి! కంపెనీ ఎంతోకాలం నిలవలేదు. వాలీ బైయమ్ ఆ డిజైన్‌ని అందుకుని, తలుపు పక్కకి మార్చి, 1936లో ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్ అని అమ్మాడు. ధర 1200 డాలర్లు. ఆ కరువు రోజుల్లో అది చిన్న మొత్తం కాదు.

యుద్ధం వచ్చేసరికి అల్యూమినియమంతా విమానాలకి పోయింది. బైయమ్ కూడా విమాన ఫ్యాక్టరీల్లో పనికి చేరాడు. 1943 నాటికి ఆ పరిశ్రమలో 3 లక్షల మందికి పైగా ఆడవాళ్ళున్నారు. రివెట్లు కొట్టేవాళ్ళు జంటలుగా పనిచేసేవారు. బయట ఒకరు గాలితో నడిచే గన్ను పట్టుకుని రివెట్ తల మీద కొడుతుంటే, లోపల ఇంకొకరు చేతిదాగలిలాంటి ఇనప దిమ్మని తోక మీద అదిమి పట్టుకోవాలి. ఒకరి ముఖం ఒకరికి కనపడదు. లోపలి మనిషి ఒక్క క్షణం చెయ్యి తీస్తే రేకుకి సొట్ట! యుద్ధం అయ్యాక బైయమ్ మళ్ళీ ట్రైలర్లు మొదలుపెట్టాడు. అదే రేకు, అదే పద్ధతి.

ఇక మన సొట్ట దగ్గరికొద్దాం. యుద్ధం తర్వాత కొన్ని దశాబ్దాలు చాలా బండ్లకి వాడిన రేకు మందం 0.8 మిల్లీమీటర్లు. సొట్ట పడినచోట అది సాగిపోయి ఉంటుంది. సుత్తితో కొడితే ఇంకా సాగుతుంది, తిరిగి కుదించుకోదు. డబ్బా మూతలా లోపలికీ బయటికీ టప్ టప్ మనడం మొదలవుతుంది, పగిలినా పగులుతుంది. కార్లకి చేసినట్టు లప్పం పెట్టి రంగేద్దామంటే ఈ బండికి రంగే లేదు, అద్దంలా ఉండటమే దాని అందం.

కాబట్టి పెద్ద దెబ్బకి మందు ఒకటే, రేకు మార్చడం. లోపల మంచాలూ అల్మారాలూ ఊడదీసి, లోపలి రేకు విప్పి, బయటి రివెట్లని ఒక్కొక్కటీ డ్రిల్లుతో తొలిచి తీయాలి. రంధ్రం పెద్దదైతే కొత్త రివెట్ పట్టదు. కొత్త రేకుని క్లీకోలనే స్ప్రింగు పిన్నులతో నిలబెట్టి, ఇద్దరు మనుషులు మళ్ళీ ఆ యుద్ధకాలపు జంటలా కొట్టుకుంటూ రావాలి. లోపలికి చెయ్యి పోనిచోట బయటినుంచే బిగించే రివెట్లు వేసి, తల అరగదీసి పాతవాటితో కలిపేస్తారు. ఇదంతా పక్క రేకుల సంగతి. బండి మూలల్లో రెండువైపులా వంగిన ముక్కలుంటాయి. అవి ఇంటి గరాజ్‌లో చేయగలిగేవి కావు. ఫ్యాక్టరీలో అచ్చు మీద సాగదీసినవి కావాలి, లేదా ఇంకో పాత బండి నుంచి కోసుకోవాలి.

మరి చిన్న సొట్టలు? నా ఓటు వదిలేయమనే. కొందరు రుద్ది రుద్ది పాలిష్ పెట్టి గీతలన్నీ మాయం చేస్తుంటారు. పైన ఉన్న స్వచ్ఛమైన పొర ఒక్కోవైపు 5 శాతం, అంటే 0.04 మిల్లీమీటర్లు. వెంట్రుక కంటే పల్చన. గరుకు కాగితం పెట్టారంటే ఆ పొర పోయి కింద రాగి కలిసిన లోహం బయటపడుతుంది, వాన తగిలితే ఇక అక్కడినుంచి మచ్చలే. మెరుపు కోసం మెరుపునిచ్చేదాన్నే గీకేయడం అన్నమాట. పైగా ఈ బండ్లు గాజుబీరువాలో పెట్టుకోవడానికి పుట్టినవి కావు. 1959లో 41 బండ్ల బిడారొకటి కేప్‌టౌన్‌లో బయల్దేరి కైరో దాకా పోయింది. బైయమ్ 1962లో పోయాక కూడా, 1963-64లో సింగపూర్‌లో మొదలైన ప్రపంచయాత్ర మన దేశం మీదుగా యూరప్ చేరింది. ఆ రోజుల్లో మన రోడ్ల మీద ఎన్ని సొట్టలు పడ్డాయో ఊహించుకోండి!

మావాడు చిరిగిన రేకు ఒక్కటే మార్పించాడు, సొట్టలు అలాగే ఉంచాడు. ఇప్పుడు కొత్త రేకు మిగతావాటికంటే మరీ తెల్లగా, అతుకేసినట్టు కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. నాలుగు ఎండాకాలాలు పోతే పాతవాటితో కలుస్తుందని పనివాడు చెప్పాడట.