కరెంటుతో కలిపి కిరాయి: అద్దెదారు ఎవరి లెక్కలో ఉన్నాడు?

ఢిల్లీలో అద్దె బేరం తరచూ ఒక్క మాటతో ముగుస్తుంది: కరెంటు, నీళ్లు అన్నీ కలిపి నెలకు ఇంత. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో సివిల్స్‌కు చదువుకునే తెలుగు విద్యార్థికి అది సౌకర్యంగానే తోస్తుంది. బిల్లుల బెడద ఉండదు. కానీ ఆ 'కలిపి' అన్న మాట వెనుక దశాబ్దాల రాజకీయం ఉంది.

రాజధానిలో అద్దెల నియంత్రణ 1939లో, రెండో ప్రపంచ యుద్ధ కాలపు ఉత్తర్వుతో మొదలైంది. దేశ విభజన దాన్ని అనివార్యం చేసింది. 1941లో సుమారు 9 లక్షలున్న ఢిల్లీ జనాభా 1951 నాటికి 17 లక్షలు దాటింది. నేటి కోచింగ్ కేంద్రాల రాజిందర్ నగర్ ఆనాడు శరణార్థుల కాలనీ. 1947, 1952 చట్టాల తరువాత 1958లో ఢిల్లీ అద్దె నియంత్రణ చట్టం వచ్చింది.

దానికి ముందే సుప్రీంకోర్టు ముందుకు ఒక కీలకమైన వివాదం వచ్చింది. కలకత్తా పార్క్ స్ట్రీట్‌లోని కర్నానీ మాన్షన్స్‌లో అద్దెతో పాటు విద్యుత్తు, ఇతర వసతులూ యజమానే సమకూర్చేవాడు. ఇది కేవలం అద్దె కాదు కనుక నియంత్రణ చట్టం వర్తించదన్నది యజమాని వాదన. న్యాయస్థానం దాన్ని తోసిపుచ్చింది. వసతుల కోసం చెల్లించేదీ 'అద్దె'లో భాగమేనని తేల్చింది. ఢిల్లీ చట్టంలోని 45వ సెక్షన్ మరో రక్షణ చేర్చింది. తగిన కారణం లేకుండా యజమాని నీళ్లు, కరెంటు ఆపరాదు. ఆపితే అద్దెదారు కంట్రోలర్‌ను ఆశ్రయించవచ్చు.

ఆ గొడుగును 1988 సవరణ కుదించింది. నెలకు రూ. 3,500 మించిన అద్దెలను చట్టం పరిధి నుంచి తప్పించింది. ఆనాడు అది సంపన్నుల అద్దె. నేడు ఆ ధరకు ఒక్క గది దొరకడం కష్టం. ఫలితంగా కనాట్ ప్లేస్‌లోని పాతకాలపు దుకాణదారుకు 45వ సెక్షన్ రక్షణ ఉంది; పన్నెండు వేలు చెల్లించే విద్యార్థికి లేదు. ఈ అసమతౌల్యాన్ని సరిదిద్దేందుకు పార్లమెంటు 1995లో కొత్త చట్టం చేసింది. రాష్ట్రపతి ఆమోదమూ లభించింది. పాత అద్దెలపై ఉన్న వ్యాపారుల నిరసనతో అది అమలులోకి రానేలేదు.

2002లో ఢిల్లీ విద్యుత్ పంపిణీ ప్రైవేటు సంస్థల చేతికి వెళ్లింది. అటుపైన కరెంటు బిల్లే ఎన్నికల అంశమైంది. 2019 ఆగస్టులో కేజ్రీవాల్ ప్రభుత్వం 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా అని ప్రకటించింది. 2025 ఎన్నికల్లో భాజపా సైతం ఆ రాయితీని కొనసాగిస్తామని హామీ ఇవ్వక తప్పలేదు.

అయితే రాయితీ అందేది మనిషికి కాదు, మీటరుకు. నాలుగు గదుల్లో నలుగురు అద్దెదారులు తలా 150 యూనిట్లు వాడారనుకుందాం. విడివిడి మీటర్లుంటే నలుగురి బిల్లూ సున్నా. ఒకే మీటరైతే 600 యూనిట్లు. 400 దాటితే రాయితీ పూర్తిగా పోతుంది. 2019 టారిఫ్ ప్రకారం యూనిట్ల ఖర్చే రూ. 2,800. ఆ భారం 'కలిపి' అన్న కిరాయిలో కనబడకుండా కలిసిపోతుంది. సబ్ మీటర్ పెట్టి యూనిట్‌కు ఇంతని వసూలు చేసినా జరిగేది అదే.

ఈ లోటు ప్రభుత్వానికీ తెలుసు. 2019 సెప్టెంబరులోనే అద్దెదారులకు ప్రీపెయిడ్ మీటర్ పథకం ప్రకటించింది. యజమాని అనుమతి అక్కరలేదు. ఒప్పందమో, అద్దె రసీదో చూపితే చాలు. నోటిమాట మీద నడిచే కిరాయిలో లేనిది సరిగ్గా ఆ కాగితమే. 2021 జూన్‌లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం లిఖిత ఒప్పందాన్ని తప్పనిసరి చేసింది, నీళ్లూ కరెంటూ ఆపరాదనీ చెప్పింది. కానీ అది నమూనా మాత్రమే.

కర్నానీ తీర్పు కరెంటును అద్దెలో కలిపి అద్దెదారును చట్టం నీడకు చేర్చింది. నేటి ఢిల్లీలో అదే కలయిక అతణ్ని రాయితీ లెక్క నుంచి తప్పిస్తోంది. ఓటరు జాబితాలో పేరున్నా మీటరు మీద పేరు లేనివాడు ఈ నగర సంక్షేమానికి సగం పౌరుడే.