తిరిగొచ్చిన నేల, తిరిగిరాని ఏళ్లు

కొనేవాడికి బ్యాంకు అప్పు మంజూరు కాకపోతే ఇంటి బేరం చెడుతుంది. అమ్మేవాడు నొచ్చుకుంటాడు, బయానా దగ్గర తగువు పడతాడు. అయినా ఆ రాత్రి తన ఇంట్లోనే పడుకుంటాడు. బస్తర్‌లోని లోహండీగూడ పల్లెలకు ఆపాటి ఊరటైనా దక్కలేదు. తీసుకున్నవాడు వెళ్లిపోయాడు, నేల మాత్రం వెంటనే ఇంటికి రాలేదు. ఆ పల్లెల రైతుల్లో వందలమంది అసలు ఇస్తామని అననే లేదు.

ఇంద్రావతి చిత్రకోట దగ్గర దూకి, సాగి సాగి మన గోదావరిలో కలుస్తుంది. ఆ జలపాతానికి దగ్గరలోనివే ఈ పది ఊళ్లు: తాకరాగూడ, ధురాగావ్, కుమ్హలీ, బేలర్, బడాంజీ, మరో అయిదు. 1961లో ఇదే లోహండీగూడలో పోలీసు కాల్పులకు ఆదివాసులు నేలకొరిగారు. సర్కారు అడుగుల చప్పుడు ఆ మట్టికి కొత్త కాదు.

2005 జూన్‌లో టాటా స్టీల్‌తో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఒప్పందం రాసుకుంది. ఏటా 50 లక్షల టన్నుల ఉక్కు కర్మాగారం వస్తుందన్నారు. బైలడిల్లా ఇనుప ఖనిజం రైలెక్కి విశాఖకు తరలిపోవడం దశాబ్దాలుగా చూసిన సీమ అది. ఉక్కు ఇక్కడే పుడుతుందన్న మాటకు ఆశపడినవాళ్లను తప్పుపట్టగలమా? 1,707 మంది రైతుల 1,764 హెక్టార్లు కావాలన్నారు.

ఆగడానికి ఒక చోటు ఉండింది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి సేకరించే ముందు ఊరిని సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం చెబుతుంది. 2006లో గ్రామసభలు జరిగాయి. పోలీసు పహరాలో జరిపారని, తమ గొంతు వినలేదని ఊళ్లు మొరపెట్టుకున్నాయి. ఆ మొర అప్పుడే ఎవరైనా కూర్చుని విని ఉంటే!

ఎవరూ వినలేదు. 2008లో సేకరణ సాగింది. 1,165 మంది పరిహారం అందుకున్నారు, తక్కినవాళ్లు ముట్టలేదు. ముట్టినా ముట్టకున్నా కాగితం మీద పేరు మారిపోయింది. కర్మాగారానికి పునాది పడలేదు. పొలం కళ్లెదుటే ఉంది, తాతల నాటి గట్లతో సహా. కానీ పట్టాలో పేరు లేనివాడికి పంట రుణం పుట్టదు. పండించిన ధాన్యం సర్కారు ధరకు అమ్ముకునే దారీ మూసుకుపోతుంది.

2016లో కంపెనీ తప్పుకుంది. అప్పుడైనా కథ మలుపు తిరగాల్సింది. అయిదేళ్లు వాడని భూమిని సొంతదారుకు తిరిగివ్వవచ్చని, లేదంటే సర్కారు ల్యాండ్ బ్యాంకులో చేర్చవచ్చని 2013 భూసేకరణ చట్టం రెండు దారులు చూపింది. ప్రభుత్వం రెండోదే పట్టింది. దయ చూపడానికి చట్టం అడ్డురాలేదు; మనసే రాలేదు.

2018 డిసెంబరులో వచ్చిన కొత్త ప్రభుత్వం భూమి తిరిగిస్తామంది. 2019 ఫిబ్రవరిలో ధురాగావ్‌లో పత్రాలు పంచింది, ఇచ్చిన పరిహారాన్నీ వెనక్కి అడగలేదు. సంతోషించవలసిన రోజే అది. అయినా గుండె బరువెక్కుతుంది. రైతు బతుకులో పదేళ్లంటే తక్కువా? పత్రం నేలను తెచ్చింది. తన చెలకలోనే పరాయివాడిగా నిలబడ్డ ఏళ్లను ఏ తహశీల్దారూ తిరిగి రాసివ్వలేడు. ఆ పోగొట్టుకున్న కాలానికి మనం కన్నీరు పెట్టుకోవచ్చు. అంతకంటే ముఖ్యంగా, రేపు మరో ఊరి నేల అడిగేటప్పుడు, బేరం చెడితే అది ఏనాటికి ఇల్లు చేరుతుందో ముందే రాసివ్వమని అడగాలి. లోహండీగూడకు మనం పడిన బాకీ అది.