సరళాసాగర్ సైఫన్ అలుగు

సరళాసాగర్ వనపర్తి జిల్లా మదనాపురం మండలం శంకరంపేట దగ్గర ఊకచెట్టు వాగుకు అడ్డంగా కట్టిన జలాశయం. నిల్వ సుమారు అర టీఎంసీ. పక్కనే ఉన్న జూరాలతో పోలిస్తే ఇది చెరువు కిందే లెక్క. అయినా దీనికి పేరు తెచ్చింది సైజు కాదు, అలుగు. నీళ్లు నిండు మట్టం దాటగానే గేటు ఎత్తే మనిషి లేకుండా, మోటారు లేకుండా, కరెంటు లేకుండా మిగులు నీరు దానంతటదే కిందికి దూకుతుంది. మట్టం తగ్గగానే దానంతటదే ఆగిపోతుంది. ప్రవాహ గతిశాస్త్రంలో సైఫన్ పాఠాన్ని ఇంత పెద్ద ఎత్తున, ఇంత తేటగా చూపించే చోటు ఉమ్మడి పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలో మరొకటి కనబడదు.

నిర్మాణం

వనపర్తి సంస్థానం చివరి రాజా రామేశ్వరరావు తన తల్లి సరళాదేవి పేరున ఈ ప్రాజెక్టును తలపెట్టాడు. హైదరాబాద్ మీద పోలీసు చర్య జరిగి ఏడాది కూడా తిరగకముందే, 1949 జూలై 10న, అప్పటి మిలిటరీ గవర్నర్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి శంకుస్థాపన చేశాడు. పని ముగిసేసరికి సంస్థానమూ లేదు, హైదరాబాద్ రాష్ట్రమూ లేదు. ఆంధ్రప్రదేశ్ మంత్రి జె.వి. నర్సింగరావు 1959 జనవరి 26న దీన్ని ప్రారంభించాడు. సైఫన్ పద్ధతిని చూసి రావడానికి ఇంజనీర్లను కాలిఫోర్నియా పంపారని ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు. అలుగులో 17 హుడ్ సైఫన్లు, 4 ప్రైమింగ్ సైఫన్లు ఉన్నాయి. ముందు ప్రైమింగ్ సైఫన్లు పారతాయి, వెనకే హుడ్ సైఫన్లు అందుకుంటాయి.

పనిచేసే తీరు

డ్రమ్ములోంచి కిరోసిన్ తీసేటప్పుడు రబ్బరు ట్యూబు ఒక కొనను డ్రమ్ములో ముంచి, రెండో కొనను నోట పెట్టి ఒక్కసారి పీల్చి, చప్పున కింద క్యాను మూతిలో పెడతారు. ఆ తర్వాత ఎవరూ పీల్చనక్కర్లేదు. ట్యూబులో కిందికి వేలాడే నూనె బరువు వెనకున్న నూనెను గట్టు దాటించి లాక్కొస్తూనే ఉంటుంది. సరళాసాగర్‌లో ట్యూబుకు బదులు కాంక్రీటు గొట్టం ఉంది. నోరు పెట్టి పీల్చే పని మాత్రం నీరే చేసుకుంటుంది. నీరు నిండు మట్టం దాటి లోపలి గట్టు మీదుగా పల్చటి పొరగా జారడం మొదలుపెట్టగానే, గొట్టంలోని గాలిని బుడగలుగా తనతో ఈడ్చుకుపోతుంది. గాలి పోయినకొద్దీ లోపల ఒత్తిడి తగ్గి నీరు ఇంకా పైకి ఎక్కుతుంది. కాసేపటికి గొట్టం నిండుతుంది. దీన్నే ఇంజనీర్లు ప్రైమింగ్ అంటారు. జలాశయం మట్టం దిగి గాలి రంధ్రం బయటపడితే గాలి లోపలికి చొరబడి ధార తెగుతుంది. వసుదేవుడు పసికృష్ణుణ్ని ఎత్తుకున్న బొమ్మ గల ఇత్తడి గిన్నెలో, నీరు కృష్ణుడి పాదం తాకగానే గిన్నె మొత్తం ఖాళీ అవుతుంది. ఆ ఆటబొమ్మలో దాగిన కిటుకూ ఇదే.

మామూలు మత్తడి కంటే దీనివల్ల లాభమేమిటో చిన్న లెక్కతో తేలుతుంది. మత్తడి మీదుగా అడుగు లోతున నీరు దూకితే, ఒక్కో అడుగు పొడవుకు సుమారు 3 క్యూసెక్కులు పోతాయి. అదే సైఫన్‌లో ప్రవాహం గట్టు మీది లోతును బట్టి కాక, జలాశయం మట్టానికీ కింది మూతికీ మధ్య ఉన్న మొత్తం ఎత్తును బట్టి ఉంటుంది. ఆ తేడా 20 అడుగులైతే, రాపిడి నష్టాలు పోను, చదరపు అడుగు గొట్టంలోంచి 20 క్యూసెక్కులకు పైగా వెళ్తాయి. పొడుగాటి మత్తడి కట్టే చోటు లేని వాగు మీద ఇది పెద్ద వెసులుబాటు.

ఇబ్బందులూ ఉన్నాయి. మత్తడి నెమ్మదిగా పెరిగి నెమ్మదిగా తగ్గుతుంది. సైఫన్‌కు ఆ మధ్యే మార్గం లేదు: పారితే నిండుగా పారుతుంది, లేదంటే అసలు పారదు. చెత్త, కంప అడ్డుపడితే గొంతు పూడుకుపోతుంది. గొట్టం నడినెత్తిన ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కంటే బాగా తక్కువ. అది మరీ పడిపోతే నీరు చల్లగా ఉండగానే ఆవిరి బుడగలు పుట్టి, అవి చిట్లిన చోట కాంక్రీటును కొరికేస్తాయి. అందుకే సైఫన్ ఎత్తును ఏడెనిమిది మీటర్లకు మించనివ్వరు. సముద్రమట్టంలో గాలి ఒత్తిడి మోయగల నీటి స్తంభం 10.3 మీటర్లే. పాలమూరు పీఠభూమి మీద అది ఇంకాస్త తక్కువ.

సైఫన్‌ను నడిపేది గాలి ఒత్తిడా, భూమ్యాకర్షణా అన్న తగాదా పాతది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు దశాబ్దాలుగా గాలి ఒత్తిడికే ఆ ఘనత కట్టబెట్టిందని, అది తప్పని ఆస్ట్రేలియా భౌతికశాస్త్రవేత్త స్టీఫెన్ హ్యూస్ 2010లో ఎత్తి చూపాడు. నీటిని కదిలించేది దాని బరువే. గాలి ఒత్తిడి చేసేది నీటి తీగ తెగిపోకుండా పట్టి ఉంచడం.

‘ఆసియాలో మొదటిది’ అన్న మాట

పత్రికల్లో సరళాసాగర్‌ను ఏటా ఆసియాలోనే మొదటి సైఫన్ ప్రాజెక్టుగా రాస్తారు. అది నిలవదు. నేటి ఛత్తీస్‌గఢ్‌లోని ధమ్‌తరి దగ్గర మురుమ్‌సిల్లి ఆనకట్టను 1914–1923 మధ్య సైఫన్ అలుగులతోనే కట్టారు. మైసూరు ఇంజనీరు గణేశ్ అయ్యర్ రూపొందించిన వాల్యూట్ సైఫన్లు కర్ణాటకలోని మార్కోనహళ్లిలో, 1948 నాటి హిరేభాస్కరలో సరళాసాగర్ కంటే ముందే పనిచేశాయి. తెలంగాణ వరకు దీని ప్రత్యేకత నిజమే, దానికి ఆసియా పట్టం అక్కర్లేదు.

నమూనాలు, సమీకరణాలు

ఆనకట్టల అలుగులను కట్టే ముందు చిన్న నమూనాలు చేసి నీళ్లు పారించి చూస్తారు. హైదరాబాద్ శివారు హిమాయత్‌సాగర్ దగ్గరి ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్ పని అదే. 50వ వంతు నమూనాలో వేగం అసలుదానిలో సుమారు 7వ వంతు, ప్రవాహం 17 వేలకు పైగా వంతుల్లో ఒకటి. మామూలు మత్తడికి ఈ లెక్క చక్కగా సరిపోతుంది. సైఫన్ దగ్గరికి వచ్చేసరికి బెడిసికొడుతుంది. ఆనకట్టను 50వ వంతుకు కుదించవచ్చు గానీ, గదిలోని గాలి ఒత్తిడిని, నీటి తలతన్యతను, బుడగ సైజును కుదించలేం. నమూనాలో గాలి బయటికి పోయే తీరు వేరు, అసలు గొట్టంలో వేరు. కాబట్టి సైఫన్ ఎప్పుడు అందుకుంటుందన్నది చివరికి నిజమైన వరదలోనే తేలుతుంది.

సరళాసాగర్ ప్రారంభమైన 1959లోనే వరంగల్‌లో రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీకి నెహ్రూ పునాదిరాయి వేశాడు. ఇప్పుడది ఎన్‌ఐటీ. తెలుగునేల మీద ప్రవాహ గతిశాస్త్రానికి గట్టి పీఠాల్లో ఒకటి అక్కడి గణితశాఖ. 1966లో శాస్త్రవేత్త ఎరింజెన్ సూక్ష్మధ్రువ ద్రవాల సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. నీటిలా కాక, లోపలి రేణువులు తమ చుట్టూ తాము తిరుగుతుండే ద్రవాల సంగతి అది. రక్తం, ద్రవ స్ఫటికాలు లాంటివాటికి దీన్ని వర్తింపజేస్తారు. మూడేళ్లకే, 1969లో, వరంగల్ ఆచార్యులు ఎస్.కె. లక్ష్మణరావు, ఎన్.సిహెచ్. పట్టాభిరామాచార్యులు, పి. భుజంగరావు అలాంటి ద్రవంలో నెమ్మదిగా తిరిగే గోళం మీద పనిచేసే ప్రతిఘటనను లెక్కకట్టి అంతర్జాతీయ పత్రికలో ప్రచురించారు. గోళం తర్వాత దీర్ఘగోళం, స్థిర ప్రవాహం తర్వాత డోలనం. శిష్యుల తరాలు అదే దారిన నడిచాయి. వాగూ వరదా ఈ పరిశోధనలో దాదాపు కనబడవు. కాగితం మీద కచ్చితంగా తేలే సమస్యలను వాళ్లు ఎంచుకున్నారు. సైఫన్‌లో గాలీ నీరూ కలగలిసి సుడి తిరిగే కల్లోల ప్రవాహం ఆ చట్రంలో ఇమడదు.

కృష్ణకు ఆవల

కృష్ణా నదికి ఆవల మల్దకల్, గట్టు మండలాల వైపు పొలాలు జూరాల నీటిమట్టం కంటే ఎత్తున ఉన్నాయి. అక్కడ సైఫన్ పనికిరాదు, ఎందుకంటే సైఫన్ గట్టు దాటించగలదు గానీ నీటిని మొదలున్న మట్టం కంటే పైన దింపలేదు. అందుకే నెట్టెంపాడు ఎత్తిపోతల పథకంలో జూరాల వెనుక జలాలను గూడెందొడ్డికి, అక్కడి నుంచి ర్యాలంపాడుకు రెండు దశల్లో మోటార్లు ఎత్తిపోస్తాయి. నీటి బరువుతో నడిచేది నదికి ఒకవైపు, కరెంటుతో నడిచేది మరోవైపు.

2019 గండి

2019 డిసెంబర్ 31 తెల్లవారుజామున సరళాసాగర్‌కు గండి పడి నీరంతా దిగువకు, రామన్‌పాడు వైపు పోయింది. తెగింది సైఫన్లు కాదు, మట్టికట్ట. కట్ట మీదుగా దూకే నీటి కంటే కట్ట లోపల చెమ్మగా నడిచే నీరు కనిపెట్టడం కష్టం. ఇసుకలో నీటి నడకకు ఫ్రెంచి ఇంజనీరు డార్సీ 1856లోనే సూత్రం ఇచ్చాడు గానీ, చెట్టు వేరు కుళ్లిన బొరియ ఎక్కడుందో ఏ సూత్రమూ చెప్పదు. కట్టను మళ్లీ కట్టారు. తర్వాతి వానాకాలాల్లో సైఫన్లు మళ్లీ పారాయి.

అవి పారడం మొదలుపెట్టే ముందు ఎవరో మీట నొక్కడం ఉండదు. ఒక్కసారిగా వచ్చే ఆ నీటికి ఊకచెట్టు వాగు మీద మదనాపురం–ఆత్మకూరు కాజ్‌వే మునిగి రాకపోకలు ఆగిపోతాయి. చూడటానికి వెళ్లేవారు కట్ట మీది నుంచే చూడాలి, వాగులోకి దిగకూడదు.