గురులఘువులు – ఒక ఇటాలియన్ క్రియ

గురులఘువులు పద్యపాదాన్ని గణవిభజన చేయడానికే తప్ప మరెందుకూ పనికిరావని కొందరు తల్లిదండ్రుల అభిప్రాయం. ఒక పరాయి భాష చరిత్ర ఇందుకు భిన్నమైన సాక్ష్యం చెబుతున్నది.

గతంలో కొనసాగిన పనిని తెలుపడానికి ఇటాలియన్‌లో 'ప్రేమించు' ధాతువుకు ఈ రూపాలున్నవి: అమావొ (నేను), అమవామొ (మేము), అమవాతె (మీరు), అమావనొ (వారు). ఊనిక పడే అక్షరాన్ని ఇక్కడ దీర్ఘంతో చూపాము; ఇటాలియన్ వ్రాతలో ఆ గుర్తు ఉండదు. మొదటి మూడింటిలో ఊనిక చివరినుండి రెండవ అక్షరం మీద ఉన్నది. అ-మా-వ-నొ లో మాత్రం మూడవదాని మీద ఉన్నది. ఎందువలన?

కారణం మాతృభాష అయిన లాటిన్‌లో ఉన్నది. మూడు, అంతకు మించిన అక్షరాల పదంలో చివరినుండి రెండవది గురువైతే ఊనిక దానిదే. లఘువైతే దానికి ముందున్న అక్షరానిది. 'అమాబాముస్'లో 'బా' గురువు. అదే 'అమవామొ'లోని 'వా'. 'అమాబంట్'లో ఆ స్థానం 'మా'ది. కాలక్రమాన బకారం వకారమైనది. తుది టకారం లోపించినది. నకారం వెంట అచ్చు చేరి కొత్త అక్షరం పుట్టినది. పదం పెరిగినా ఊనిక 'మా'ను విడువలేదు.

'నేను' రూపం సాహిత్యంలో చిరకాలం 'అమావ'గానే ఉండెను. అలెస్సాంద్రో మాంజోని తన 1827 నాటి నవలను సవరించి 1840–42లో ప్రచురించినప్పుడు, ఫ్లోరెన్సు వాడుకను అనుసరించి ఇట్టి క్రియలకు 'ఒ' అంతాన్ని స్వీకరించాడు. అంతం మారినది, ఊనిక మారలేదు.

గురువును గుర్తించగల విద్యార్థి ఇట్టి రూపాలను వల్లెవేయనక్కరలేదు, కారణమే గ్రహించగలడు. ఛందస్సు పాఠాన్ని తొలగించే ముందు ఉపాధ్యాయులు ఈ సంగతి ఆలోచింపవలెను.