మైనం మీద మెట్లు

మొన్న శనివారం మా అమ్మాయి వీణ ముందు కూర్చుని మాయామాళవగౌళ వాయిస్తూ గాంధారం దగ్గర ఆగిపోయింది. "నాన్నా, ఇక్కడ అపస్వరం వస్తోంది" అంది. తప్పు దానిది కాదు, నాది. వీణని ఎండ పడే కిటికీ పక్కన పెట్టింది నేనే. సింగపూర్ ఎండకి మైనం మెత్తబడి రెండు మెట్లు పక్కకి జరిగాయి.

ఈ వీణ మా నాయనమ్మది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి వారు చేసింది. కుండ, దండి అన్నీ ఒకే పనస దుంగలోంచి తొలిచి తీస్తారు, ఎక్కడా అతుకుండదు. ఇక్కడ 1949 నుంచీ ఉన్న సిఫాస్ లాంటి చోట్ల వీణ నేర్పుతారు గానీ, బొబ్బిలి వీణ పేరు తెలిసినవాళ్ళు నాకు తక్కువే తగిలారు. మా అమ్మాయికి నేర్పే తమిళ టీచరుగారు దీన్ని చూసి "తంజావూరు వీణే కదా!" అన్నారు. నాకు కాస్త రోషం వచ్చిన మాట నిజం. ఇంటికొచ్చి పుస్తకాలు ముందేసుకున్నాను.

అమరావతి శిల్పాల్లో కనబడే వీణ విల్లులా వంగి ఉంటుంది. సముద్రగుప్తుడి నాణేల మీదా అలాంటిదే. తీగకో స్వరం, అంతే. మెట్లే లేవు. మనం ఎప్పుడో వదిలేసిన ఆ వీణకి చుట్టం బర్మాలో ఇంకా బతికే ఉంది. పదమూడో శతాబ్దంలో శార్ఙ్గదేవుడు చెప్పిన కిన్నెర వీణకి మెట్లున్నాయి. అసలు గొడవ ఆ మెట్లతోనే. 1550లో రామామాత్యుడు స్వరమేళకళానిధిలో రెండు పద్ధతులు చెప్పాడు. ఒకటి ఏకరాగమేళం, అంటే రాగం మారితే మెట్లూ జరుపుకోవాలి. రెండోది సర్వరాగమేళం, ఒకసారి బిగిస్తే ఏ రాగమైనా వాయించుకోవచ్చు.

ఈ రెండో పద్ధతే చివరికి గెలిచింది. స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలకి 24 మెట్లు బిగించిన ఘనత సంప్రదాయం తంజావూరు రఘునాథనాయకుడికి ఇస్తుంది. ఆయన ఏలింది తమిళనేల, వాల్మీకి చరిత్ర రాసింది తెలుగులో! ఆయన మంత్రి గోవింద దీక్షితులు. దీక్షితుల కొడుకు వేంకటమఖి తర్వాత 12 స్వరస్థానాల మీద 72 మేళాల లెక్క కట్టాడు. మెట్లు కదలకుండా ఉన్నాయి కాబట్టే అలాంటి లెక్క కుదిరిందని నా నమ్మకం. ప్రోగ్రామర్ బుర్రకి అలాగే తోస్తుంది మరి.

అంటే టీచరుగారూ తప్పనలేదు, నేనూ ఊరికే ఉడుక్కున్నాను.

మెట్ల సంగతి మిగిలింది. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి, వేడిచేసి, దండి మీద రెండు గట్లుగా పోసి, వాటి మీద ఒక్కో మెట్టూ చెవితో సరిచూస్తూ కూర్చాలి. దాన్ని మేళం కట్టడం అంటారు. మొత్తం విప్పే ధైర్యం నాకు లేదు. ఆ రెండు మెట్ల కింద మైనం మాత్రం హెయిర్ డ్రయ్యరుతో కొద్దిగా వేడిచేశాను. అమ్మాయి తీగ మీటుతూ "ఇంకొంచెం.. ఇంకొంచెం నాన్నా.. ఆ, ఆపు!" అంది.

గాంధారం కుదిరింది. రెండో మెట్టు దగ్గర మాత్రం మా ఇద్దరికీ ఇంకా వాదన నడుస్తోంది. వీణ ఇప్పుడు బీరువా పక్కన, నీడలో ఉంది.