మోటారుసైకిలుపై పాదముల స్థానము

సూర్యభగవానుని రథమునకు సారథి అనూరుడు. ఆయనకు తొడలు లేవు. ఐనను ఏడు గుఱ్ఱములను నడపుటకు ఆ లోపము అడ్డురాలేదు. ఏలయన, రథము తోలుటకు కావలసినవి చేతులు, పగ్గములు, గుఱ్ఱపు మనసెఱుగు నేర్పు. నలుడు బాహుకుడై ఋతుపర్ణుని రథమును విదర్భకు తోలినప్పుడును ఆయన పాదములకు పనియేమియు లేదు. మోటారుసైకిలు వచ్చిన తరువాత ఈ మర్యాద మాఱిపోయినది. ఈ వాహనమున ఒక కాలు గేరు మార్చును, వేఱొక కాలు బ్రేకు నొక్కును. ఆ కాళ్ళు ఎచ్చట నుండవలెనను ప్రశ్నకు నూఱేండ్లకు మించిన చరిత్ర కలదు. ఆ చరిత్రలో పెద్ద కర్మాగారముల పాలెంత కలదో, ఇంటి వెనుక పాకలో ఆకురాయి పట్టిన సామాన్యుల పాలును దాదాపు అంత కలదు.

నేడు రహదారులపై కొందఱు యువకులు కాళ్ళు ముందుకు చాచి, వెనుకకు వ్రాలి, మోటారుసైకిలు నడపుచు పోవుదురు. పడకకుర్చీలో కూర్చున్నట్లున్నదే యని పెద్దలు నవ్వుదురు. నవ్వదగినదే కావచ్చును గాని, ఆ కూర్చుండు రీతి ఊరక పుట్టినది కాదు.

1885లో జర్మనీదేశమున డైమ్లరు కొయ్యచట్రమునకు ఇంజను బిగించి నడపిన బండిని ఈ జాతికి ఆదిగా చెప్పుదురు. తరువాత చాలకాలము వచ్చినవి ఇంజను తగిలించిన సైకిళ్ళే. బయలుదేఱునపుడును, మిట్ట యెక్కునపుడును రౌతు పెడళ్ళు తొక్కి ఇంజనుకు సాయపడవలసి వచ్చెడిది. గేర్లు వచ్చిన పిమ్మట తొక్కుడు పోయి, కాలు ఆనించుకొను పీఠములు మిగిలెను. గేరుమీట పెట్రోలు తొట్టి ప్రక్కన చేతికందునట్లుండెను. ఇంగ్లండులో స్కాటు అనునాయన 1908లోనే తన బండికి రెండు గేర్లను కాలితో మార్చు నేర్పాటు చేసెను గాని, తక్కినవారు వెంటనే అనుసరింపలేదు. అమెరికాలో హార్లీ-డేవిడ్‌సన్ బండ్లకు వెడల్పైన పాదపలకలు, ఎడమకాలి క్రింద క్లచ్చు, ఎడమచేతికి గేరుమీట అమర్చుట వాడుకయైనది. మగ్గపు గుంటలో కూర్చున్న సాలెవాని వలెనే ఆ బండి నడపువానికి కాలుసేతులు నాలుగును ఎడతెగక పనిచేయవలసి యుండెను.

ఈ చిక్కును విడదీసినది ఇంగ్లండులోని వెలొసెట్ కంపెనీ. ఆ కంపెనీ పందెపు బండ్లకు హెరాల్డ్ విల్లిస్ 1928లో ఒక కాలిమీట కల్పించెను. దానిని ఒకమాఱు నొక్కినచో ఒక్క గేరు మాత్రమే మాఱును. పాదము తీయగనే మీట తన మొదటి చోటికి తిరిగి వచ్చును. చూచుటకు ఇది చిన్న కల్పన. కాని అంతకుముందు మీట ఏ గేరున నున్నదో ఆ చోటనే నిలిచియుండెడిది. నాలుగు గేర్లకు నాలుగు చోట్లు. క్రొత్త మీట కదలిక రెండు మూడంగుళములే, తిరిగి వచ్చు చోటు ఒక్కటే. అంత చిన్న కదలికను ఒక కడ్డీతో ఎచ్చటికైనను కొనిపోవచ్చును. కాళ్ళను ముందుకు జరుపుకొన్నవారందఱును, ఎఱిగియో ఎఱుగకయో, విల్లిస్‌కు ఋణపడినవారే. హార్లీ బండ్లకు కాలిగేరు 1952లో వచ్చెను.

రెండవ ప్రపంచయుద్ధమునకై అమెరికాలో హార్లీ కంపెనీ డబ్ల్యు.ఎల్.ఏ. అను సైనికపు బండ్లను వేలకొలది చేసెను. 1945లో యుద్ధము ముగియగా మిగిలినవి చౌకగా అమ్ముడుపోయెను. దండునుండి తిరిగివచ్చిన పడుచువారు వానిని కొని, బరువు తగ్గించుటకై ముందరి మడ్‌గార్డు ఊడదీసి, వెనుకదానిని సగము కోసిరి. తరువాతి యేండ్లలో, ముఖ్యముగా కాలిఫోర్నియాలో, ముందరి ఫోర్కులను పొడిగించుట, సీటును చట్రముపైకి దించుట పరిపాటి యయ్యెను. సీటు క్రిందికి దిగి, పాదపీఠము ఉన్నచోటనే యున్నచో మోకాళ్ళు ఱొమ్మునకు తగులును. పొడవరికి ఆ కూర్కొను భంగిమలో నూఱు మైళ్ళు పోవుట శిక్షయే. కావున పీఠములు ముందుకు జరుగవలసి వచ్చెను. అవి మొదట దుకాణములలో దొరకు వస్తువులు కావు. ఎవరికి వారు చేసికొనవలసినవే. కాలి క్లచ్చును మార్చి, పాదము తీయగనే స్ప్రింగు బలముతో తనంతట పట్టుకొనునట్లు చేసినవారును కలరు. గేరులో ఆగియున్నపుడు అట్టి బండి నిలవరించుటకు ఆ పాదము నేల మోపినచో బండి ముందుకు దుముకును. దానికి ఆత్మహత్య క్లచ్చు అని వారే పేరుపెట్టిరి. పేరు పెట్టి కూడ వాడుట ఆశ్చర్యము.

పని సాగు రీతి ఇట్టిది. ఇంజనుకు ముందుగా దిగు చట్రపు గొట్టము ఆధారము. దానికి బెజ్జము వేయరాదు. వేసినచో గొట్టము ఆ చోటనే చీలుటకు మొదలిడును. ఇంజనును బిగించు ముందరి బోల్టులనే పొడవైనవిగా మార్చి, దళసరి ఉక్కుపలకలను వానితో కలిపి బిగించుట గాని, గొట్టమును చుట్టిపట్టు బిగింపులు చేయుట గాని యుక్తము. పలకపై పాదపీఠము, దాని ప్రక్క పెడలు. పెడలు తిరుగు ఇరుసు నున్నని కడ్డీయై, కంచు బుష్షులో తిరుగవలెను. బోల్టు మరలపైనే తిరుగనిచ్చినచో కొలదికాలములో అరిగి ఊగులాడును. పెడలునుండి వెనుకకు పోవు కడ్డీకి ఒక కొన కుడిమర, ఒక కొన ఎడమమర పెట్టుదురు. అప్పుడు కడ్డీని త్రిప్పినంతనే పొడవు పెరుగును, తరుగును. వీలైనంతవఱకు కడ్డీ లాగునట్లే అమర్చవలెను. పొడవైన సన్నకడ్డీ లాగిన తట్టుకొనును, నెట్టిన వంగును. గేరు కడ్డీకి మఱొక మెలిక కలదు. ఒకచోట మీటకొన ఇరుసుకు పైన, వేఱొకచోట క్రింద నున్నచో కదలిక తలక్రిందులగును. పై గేరునకు మీట యెత్తినవానికి క్రింది గేరు తగులును.

గేరు తప్పినచో ఇంజను అఱచును, అంతే. బ్రేకు తప్పినచో మనిషి పోవును. బ్రేకు విషయమున ఇంటిపనివారు ఎక్కువగా తప్పిన లెక్క ఏతము తొక్కినవారికి తెలిసినదే: ఇరుసునుండి ఎంతదూరమున తొక్కితివో, బరువు ఎంతదూరమున వ్రేలాడుచున్నదో, ఆ రెంటి నిష్పత్తియే బలము. పెడలుపై పాదమానుచోటు ఇరుసుకు 6 అంగుళములు, కడ్డీ తగులుచోటు ఒకటిన్నర అంగుళమైనచో, 20 కిలోల త్రొక్కుడు కడ్డీపై 80 కిలోల లాగుడగును. కడ్డీ చోటును 2 అంగుళములకు జరిపినచో అది 60 కిలోలే. అర అంగుళమునకు పట్టులో నాల్గవ పాలు పోయినది. ఆగియున్న బండిపై తొక్కి చూచిన ఈ లోటు తెలియదు. అడ్డముగా ఎద్దు వచ్చిననాడు తెలియును. పలక పలుచనిదై వంగినను, కీళ్ళు వదులైనను, పాదపు కదలిక దారిలోనే ఖర్చగును.

అంతకంటె సూక్ష్మమైన చిక్కు వెనుకచక్రమున కలదు. పాత హార్లీ బండ్లలో వెనుక స్ప్రింగులు లేవు. చక్రము చట్రముతో నొకటియే. బ్రేకు కడ్డీ ఎంత పొడవైనను దాని కొలత మాఱదు. స్ప్రింగులు వచ్చిన బండ్లలో వెనుకచక్రమును పట్టు భుజము పైకి క్రిందికి ఊగును. బ్రేకు ఇరుసు ఆ భుజపు కీలునకు దగ్గఱగా నున్నంతవఱకు కడ్డీయు చక్రమును ఇంచుమించు ఒకే వృత్తమున తిరుగును. ఇరుసును మూరెడు ముందుకు తీసికొనిపోయి అచ్చటినుండి ఒకే కడ్డీని చక్రమునకు కట్టినచో రెండు వృత్తములు వేఱగును. గతుకులో చక్రము లేచినప్పుడు బ్రేకు తానై పట్టును, లేదా తొక్కినను పట్టదు. తెలిసిన పనివారు పాత ఇరుసును పెఱికివేయలేదు. దానిని అచ్చటనే యుంచి, దాని పాత పెడలును మాత్రము కత్తిరించి, ముందరి క్రొత్త పెడలును చిన్నకడ్డీతో దానికి కలిపిరి. వెనుక లెక్క చెడలేదు, ముందు సుఖము వచ్చెను. ఈ పనిలో ఇంతకు మించిన తెలివి లేదు. హార్లీ కంపెనీ 1958లో వెనుక స్ప్రింగులతో బాటు వెనుక బ్రేకును నూనె ఒత్తిడితో పనిచేయునట్లు చేసెను. నూనె గొట్టము వంగును గనుక ఆ బండ్లకు ఈ చిక్కు లేదు.

సుఖమునకును వెల కలదు. పీఠములు క్రింద నున్నపుడు గతుకు వచ్చిన రౌతు పాదములపై లేచి దెబ్బను మోకాళ్ళతో తీసికొనును. కాళ్ళు ముందు చాచినవాడు లేవలేడు. దెబ్బ నేరుగా వెన్నెముకకే. అమెరికా తారురోడ్లకు పుట్టిన భంగిమ అన్ని దారులకు నప్పదు.

ఇంతలో ప్రభుత్వము ప్రవేశించెను. ఇంగ్లీషు బండ్లకు గేరు కుడికాలికి, ఇతర దేశములవానికి పెక్కింటికి ఎడమకాలికి ఉండుటచే బండి మార్చినవారు బ్రేకనుకొని గేరును తొక్కుచుండిరి. 1974 సెప్టెంబరు 1 మొదలు తయారగు బండ్లకు గేరు ఎడమ, వెనుక బ్రేకు కుడి యని అమెరికా నిబంధన చేసెను. హార్లీ వారి స్పోర్ట్‌స్టర్ బండికి అంతవఱకు గేరు కుడివైపున నుండెను. 1975, 76 నమూనాలలో కంపెనీవారే ఒక కడ్డీల యేర్పాటుతో కుడి గేరును ఎడమకు చేరవేసిరి. పాకలలో పనివారు చేయుచుండినదే కర్మాగారము చేసెనన్నమాట.

మన దేశమున ఈ కథకు చేరువైనది బుల్లెట్టు. 1955లో మద్రాసు మోటార్సువారు ఇంగ్లండులోని రెడిచ్ కంపెనీతో కూడి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించిరి. తిరువొత్తియూరు కర్మాగారపు బుల్లెట్టు తెలుగునాట పోలీసువారికిని, పెద్ద రైతులకును గౌరవవాహనమయ్యెను. దాని గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. మడమతో నొక్కిన వెంటనే న్యూట్రలునకు తెచ్చు చిన్నమీట యొకటి గేరుపెట్టెపై నుండెను. ఇరువదియొకటవ శతాబ్ది వచ్చుదాక గేరు ఎడమకు మాఱలేదు. వెనుకభుజము ఊగు బండి గనుక పై వృత్తముల చిక్కు దీనికి పూర్తిగా వర్తించును. ముందుకు జరిపిన పీఠమునుండి ఆ మడమమీట అందదు. అలవాటైనవారికి అది పెద్దలోటే. చట్టమును చూడదగినదే. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను బండిని రిజిస్ట్రేషను వివరములకు భిన్నముగా మార్చుటను నిషేధించును. తయారీదారు నిర్దేశించిన వివరములకు విరుద్ధమైన మార్పు కూడదని సుప్రీంకోర్టు 2019లో చెప్పెను.

1961 మొదలు మైసూరులో తయారైన జావా బండికి చట్టముతో నిమిత్తము లేకయే ఒక అడ్డు కలదు. దానికి గేరుమీటయు, ఇంజను మొదలుపెట్టు తన్నుమీటయు ఒక్కటే. లోనికి నొక్కి పైకి త్రిప్పిన గేరుమీట తన్నుమీట యగును. దాని గేరును కడ్డీతో ఎంతముందుకు కొనిపోయినను, బండి కదలవలెనన్న కాలు వెనుకకు తీసి ఆ పాతమీటనే తన్నవలెను.